మోగి ఆగేదాకా

రెండు తాళాల్నీ డ్రమ్ముల పక్కన స్టాండ్లకి బిగించి స్టూలు మీద కూర్చుని చాలాసేపైంది, ఇంకా ఒక్క దెబ్బ కూడా వేయలేదు. ఎడమవైపుది కొంచెం చిన్నది, మందంగా, తళతళలాడుతూ పెళ్ళిలో మేనత్తలాగా ఠీవిగా కూర్చుంది. కుడివైపుది పెద్దది, పల్చనిది, మెరుగు పెట్టకుండా వదిలేసినది, మసిబారిన మూకుడు రంగు. రెండూ క్రాష్‌లే. పాట ఎత్తుకునే చోట కర్రతో అంచు మీద ఒక్కటి వేస్తే భళ్ళుమని విచ్చుకునే తాళాలు. విజయవాడ షాపువాడు రెండూ పంపించి, వాయించి చూసుకోండి సార్, నచ్చింది ఉంచుకుని రెండోది సాయంత్రంలోగా పార్సిల్ ఆఫీసులో ఇచ్చేయండి అన్నాడు. ఆదివారం ఏలూరులో మా బ్యాండు ప్రోగ్రాం. నా పాత క్రాష్ అంచు చిట్లిపోయింది. కాసేపట్లో తాడేపల్లిగూడెం బస్సులో బిందుగారు వస్తారు, పాడేది ఆవిడ. ఏలూరు ప్యాసింజర్‌లో జీవన్ వస్తాడు, గిటారు అతనిది. ఏది ఉంచుదామండీ అని ఫోన్ చేసి అడిగితే ఇద్దరిదీ ఒకటే మాట, అది మీ ఇష్టం సాయిగారూ, మీ చెవిని మించి మాకేం తెలుస్తుందండీ అని. నా చెవిని! నా చెవుల్లో పైశబ్దం పోయిందని వాళ్ళకి తెలియదు. మొత్తం పోలేదు. మాటలు వినపడతాయి, పెద్ద డ్రమ్ము వినపడుతుంది, అమ్మ తిట్లు మరీ శుభ్రంగా వినపడతాయి. అన్నిటికన్నా పైన సన్నగా జిలజిలలాడుతూ ఒకటుంటుంది చూశారూ, అదే పోయింది. తాళం ప్రాణమంతా ఉండేది అక్కడే. ఇది బయటపడితే నన్ను డ్రమ్ముల ముందు కూర్చోనిస్తారా? ఎందుకు కూర్చోనిస్తారు, నేనైతే కూర్చోనివ్వను. భయంగా ఉంది.

ఒరేయ్ దుర్గాసాయీ, చూస్తూ కూర్చుంటే అవి నీతో మాట్లాడతాయా, కొట్టు. మెరిసేదాన్ని కొట్టాను. భళ్. అంతే. కర్ర తగలడం వినపడింది, మొదటి మోత వినపడింది, ఆ తర్వాత ఎవరో తలుపేసుకున్నట్టు ఆగిపోయింది. కానీ తాళం ఇంకా ఊగుతోంది, అంచు మీద కిటికీలోంచి పడ్డ ఎండ సన్నగా వణుకుతోంది. అంటే అది ఇంకా మోగుతోందన్నమాట, నాకు తప్ప ఈ గదికంతటికీ మోగుతోంది, గోడలకి కొట్టిన గోనెసంచులకి కూడా వినపడుతోంది. భీమడోలు రైలుకట్ట పక్కన తవుడు గోడౌన్ మీది గది ఇది. మోత బయటికి పోకుండా గోనెసంచులు మేమే కొట్టాం. అయినా పోతుంది. బిందుగారు మొదటిసారి మైకు పట్టుకుని మా పాటలకి కావలసినట్టు బొంగురుగా గర్జించిన రోజున కింద బస్తాలు దించుతున్న హమాలీలు పైన ఎవరికో పూనకం వచ్చిందనుకుని నిమ్మకాయలు, వేపమండలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఆవిడేమో చీర కొంగు సర్దుకుని, "అయ్యో, మీ పనికి ఇబ్బందయిందాండీ? ఏమనుకోకండి" అన్నారు. వాళ్ళ మేస్త్రీ ఆవిడ వంక చూసి, మైకు వంక చూసి, "ఆయ్, పర్లేదండీ, అమ్మవారు శాంతించారు కదండీ" అని నిమ్మకాయ ఆవిడ చేతిలోనే పెట్టి దిగిపోయాడు. పొద్దున బడిలో చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పే మనిషి ఆవిడ. ఆ నిమ్మకాయని ఆవేళ మేం ముగ్గురం మజ్జిగలో పిండుకుని తాగాం. ఎంత నవ్వామో. ఆ నవ్వులో పైశబ్దం కూడా నాకు వినపడింది, అప్పటికింకా ఉంది.

తవుడు వాసన పైకి వస్తోంది, మధ్యాహ్నపు ఎండకి వెచ్చబడిన తియ్యటి వాసన, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఈ వాసనకి నేను ఎక్కడున్నా మండవల్లి వెళ్ళిపోతాను. మా చెరువుల్లో చేపలకి వేసేదీ తవుడే. సంచికి చిల్లులు పొడిచి వెదురుగడకి కట్టి నీళ్ళలోకి వేలాడదీస్తే చేపలు కిందనుంచి వచ్చి మూతులతో పొడుచుకు తింటాయి, పైన సన్నటి సుళ్ళు మాత్రం లేస్తాయి, చప్పుడుండదు. చప్పుడు నా పని. చిన్నప్పుడు సెలవలిస్తే చాలు, నాన్న నన్ను గట్టు మీద గొడుగు కింద కూర్చోబెట్టి పక్షుల్ని తోలమనేవాడు. గూడబాతులు, నీటికాకులు, గుంపులు గుంపులుగా కొల్లేటి మీదనుంచి వచ్చి మా చేపపిల్లల్ని ఊడ్చుకుపోయేవి. డబ్బా కొట్టాలి. ఒకటే డబ్బా కొడితే కుదరదు, పక్షికి మోత అలవాటైపోతే పక్కనే నిలబడి రెక్కలారబెట్టుకుంటుంది, అందుకని ఒకరోజు డబ్బా, ఒకరోజు పళ్ళెం, ఒకరోజు ఇత్తడి గుండిగ మీద మూత. మూతకి తాడు కట్టి వెదురుకి వేలాడదీసి కొడితే ఆ మోత నీళ్ళ మీద పాకుతూ అవతలి గట్టుదాకా వెళ్ళేది, వెళ్ళేదారిలో పక్షులన్నీ ఒక్కసారిగా లేచేవి, లేచేటప్పుడు వాటి కాళ్ళనుంచి, రెక్కలనుంచి కారిన నీటిచుక్కలు చెరువు మీద చిటపటమనడం నాకు వినపడేది, ఆ చిటపట పక్కనే మూత మోత ఇంకా సన్నగా, ఇంకా సన్నగా సాగుతూ ఉండేది. ఎక్కడ ఆగిందో చెప్పలేకపోయేవాణ్ణి. ఆగిందనుకుంటే ఇంకా ఉండేది. అమ్మ గట్టు మీదకి అన్నం తెచ్చి, "సొట్టలుపోయిన మూతలు ఇంట్లో పెట్టుకుని నలుగురిలో తలెత్తుకోలేక చస్తున్నాన్రా, తగలెయ్య నీ కొట్టుడు" అనేది. అనేది గానీ వచ్చేప్పుడు మర్నాటికి ఇంకో మూత తెచ్చేది.

అమ్మ ఇప్పటికీ క్రాష్‌ని పళ్ళెమనే అంటుంది. శ్రావణమాసంలో అసలు సంగతి బయటపెట్టింది ఆవిడే, ఆవిడకి తెలీదు. వరలక్ష్మీ వ్రతానికి ముందు ఇంట్లో ఇత్తడంతా పెరట్లో వేసుకుని చింతపండు, ఉప్పు పెట్టి తోముతూ, నా గదిలో మూలనున్న పాత క్రాష్‌ని కూడా లాక్కెళ్ళి తోమేసింది. ఏళ్ళ తరబడి నా చెమటా, వేళ్ళ జిడ్డూ, గాలీ కలిసి దాని మీద పట్టిన చిలుమంతా పోయింది, కంపెనీ పేరు కూడా పోయింది. తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి దేవుడి మూల నిలబెట్టింది. "ఇంత మకిలి పెట్టుకుంటే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందట్రా?" ఏమంటాం? నెత్తి కొట్టుకుని నవ్వుకున్నాను. తీసుకొచ్చి ఈ గదిలో బిగించి మొదటి దెబ్బ వేయగానే జీవన్ వాయించడం ఆపేశాడు. "ఏంటండీ, తాళం మార్చారా? గాజుపెంకుతో గీసినట్టుందండీ." బిందుగారు రెండు చెవులూ మూసుకున్నారు. నేను మళ్ళీ కొట్టాను. ఎప్పటిలాగే ఉంది. ఇంకోసారి కొట్టాను, ఎప్పటిలాగే ఉంది. మా అమ్మ చింతపండుకి అంత మహిమటండీ అని నవ్వేశాను. వాళ్ళు నవ్వలేదు. ఆ రాత్రి పడుకుంటే దోమ కుట్టింది, చెంప మీద కొట్టుకున్నాను, మళ్ళీ కుట్టింది, అప్పుడు తట్టింది, ఇది పాడలేదే అని. కొల్లేటి దోమ పాడకుండా కుట్టడం ఎప్పుడు నేర్చుకుంది? లేచి కూర్చున్నాను. కీచురాళ్ళూ లేవు. వర్షాకాలం, చుట్టూ చెరువులు, వరిచేలు, కీచురాయి లేకపోవడమేంటి.

ఏలూరులో చెవుల డాక్టరుగారు గాజుగదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి కాగితం మీద గీత చూపించారు. తిన్నగా వచ్చిన గీత ఒకచోట గట్టు మీదనుంచి చెరువులోకి జారినట్టు జారిపోయింది. "పోయింది తిరిగి రాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోండి, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని వాయించండి" అన్నారావిడ. పెట్టుకుంటున్నాను, ఇప్పుడు, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఆ ఎముకెందుకు కొరుకుతున్నావన్నాడట. మరి శంఖం ఊదేవాడే చెవిటివాడైతే? ఊదుతూనే ఉంటాడు, వినపడట్లేదని ఇంకా గట్టిగా ఊదుతాడు. నేను చేసిందదే. మోత చాలట్లేదని, కొత్త పాటలకి ఊపు చాలట్లేదని చెయ్యి భుజం దాకా ఎత్తి కొట్టాను. తోమి బొట్టు పెట్టిన తాళం అంచున వెంట్రుకంత చీలిక వచ్చింది, నాలుగు పాటల్లో వేలెడైంది. తాళం నాసిరకం అని జీవన్‌తో అన్నాను. పాపం, దాని తప్పేముంది.

ఆ చీలిక రాకముందే తాడేపల్లిగూడెం ప్రోగ్రాంలో పరువు పోయింది. మా చివరి పాటలో ఒకచోట అందరం ఒక్కసారిగా ఆగిపోవాలి. నేను క్రాష్ మీద ఒకే ఒక్క దెబ్బ వేసి వదిలేస్తాను, అది మోగి మోగి పూర్తిగా ఆగేదాకా ఎవరూ కదలకూడదు, ఆగగానే నేను తల ఊపాలి, అప్పుడు బిందుగారు గర్జనలేమీ లేకుండా మామూలు గొంతుతో, పక్కింటావిణ్ణి పిలిచినట్టు, "ఉన్నావా" అని ఒక్కమాట అనాలి, వెంటనే మళ్ళీ అందరం విరుచుకుపడాలి. ఆ నిశ్శబ్దం కోసమే ఆ పాట కట్టాం. ఆ తల ఊపడం నాది, పాట మొత్తం నా మెడ మీద ఉన్నట్టు అనిపించే క్షణం అది, దాని కోసమే వారమంతా చెరువుల చుట్టూ తిరుగుతూ ఎదురుచూస్తాను. గూడెంలో దెబ్బ వేశాను, ఆగింది, తల ఊపాను. బిందుగారు నోరు విప్పలేదు. మళ్ళీ ఊపాను. ఆవిడ కళ్ళు నా మీదనుంచి తాళం మీదకి వెళ్ళాయి, మళ్ళీ నా మీదకి వచ్చాయి. కంగారుగా "ఉన్నావా" అన్నారు, అది సగంలో ఉండగానే జీవన్ మొదలుపెట్టేశాడు, నేను వాళ్ళిద్దరికీ మధ్యలో పడ్డాను, పాట ముక్కలైంది. ముందు వరసలో కుర్రాళ్ళు ఈలలేశారు. ఈలలు నాకు పూర్తిగా వినపడలేదు, వాళ్ళ వేళ్ళు నోట్లో ఉండటం చూశాను. తర్వాత టీ కొట్టు దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. బిందుగారు గ్లాసు వంకే చూస్తూ, పంచదార సరిపోయిందాండీ అని మాత్రం అడిగారు.

కుడివైపుదాన్ని కొట్టాను. అమ్మయ్య! ఇది వినపడింది. మెత్తగా, లోతుగా, హూమ్మని గాలి పోసుకున్నట్టు విచ్చుకుని, నెమ్మదిగా ముడుచుకుని, ఆగింది. ఆగడం కూడా వినపడింది నాకు, చివరంటా వెళ్ళి అంచు దగ్గర నిలబడి చూసినట్టు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ కొట్టాను. చిన్నప్పుడు కొల్లేట్లో దిగి తల నీళ్ళలో ముంచితే గట్టు మీద వాళ్ళ కేకలన్నీ ఇలాగే వినపడేవి, మందంగా, దూరంగా, ఎవరూ నిన్నేమీ అనట్లేదన్నట్టు. పైకి రావాలనిపించేది కాదు. తామరకాడల మధ్య పచ్చటి వెలుతురు, ఊపిరి అయిపోతున్నా ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అనుకునేవాణ్ణి. ఇదే ఉంచేసుకుంటాను. ఇది ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు, సరిగ్గా అక్కడే తల ఊపుతాను, ఎవరికీ ఏ అనుమానమూ రాదు, ఇంకో పదేళ్ళు ఇలాగే గడిపేయొచ్చు. కానీ జీవన్ గిటారు ఉందే, ముతకది, వరదనీళ్ళలా అంతా నిండిపోతుంది. దానిలో ఈ పల్చటి తాళం ఎక్కడ తేలుతుంది? మునిగిపోతుంది. గిటారుని చీల్చుకుని పైకి రావాలంటే ఆ మేనత్తకే సాధ్యం, దాని పదునంతా నాకు వినపడని చోటే ఉంది. వినపడేది పనికిరాదు, పనికొచ్చేది వినపడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆదివారం ఏలూరులో పాట ఎత్తుకునే చోట జనానికి ఏమీ వినపడదు, నాకు మాత్రం హాయిగా వినపడుతుంది. అలాగైనా సరే! నాక్కావాలి. వాళ్ళకి పాట పోతే ఇంకో పాట కట్టుకుంటారు, నాకు ఈ స్టూలు పోతే ఏముంది, తవుడు సంచులు. వాళ్ళు రాకముందే మెరిసేదాన్ని విప్పి పెట్టెలో పెట్టి టేపు అంటించేస్తే సరి.

మెరిసేదాని మర తిప్పడం మొదలుపెట్టానో లేదో మెట్ల మీద చెప్పుల చప్పుడు. బిందుగారు. గొడుగు మూలన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నా చేతుల వంక చూశారు.

"అదేంటండీ, అప్పుడే సర్దేస్తున్నారు? నేను వినక్కర్లేదాండీ?"

"ఇది మరీ గోలగా ఉందండీ. ఆ పెద్దది మన పాటలకి సరిపోతుంది." నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఏదీ, ఒకసారి కొట్టండి." కొట్టాను. ఆవిడ తల ఒకపక్కకి వంచి విన్నారు. "బాగుందండీ, మెత్తగా ఉంది. కానీ జీవన్‌గారు మొదలెడితే ఇది సముద్రంలో కాకిరెట్ట అయిపోదాండీ? రెండోది కూడా బిగించండి, పోల్చి చూద్దాం."

బిగించబోతే మర జారి కింద పడింది. నేను వంగేలోపు ఆవిడ వంగి తీసి, నా చేతికివ్వకుండా గుప్పెట్లో పెట్టుకుని నిలబడ్డారు. కింద ఎవరో బస్తా దించారు, నేల కొంచెం అదిరింది.

"సాయిగారూ, ఒకమాట అడుగుతాను, ఏమనుకోకండి. మీకు నా మీద కోపం ఇంకా తగ్గలేదాండీ?"

"కోపమేంటండీ?"

"గూడెంలో ఆవేళ. తాళం అంత గట్టిగా మోగుతూంటే మీరు తల ఊపేశారు. ఒకసారి కాదు, రెండుసార్లు. రిహార్సల్స్‌కి ఆలస్యంగా వస్తున్నానని మీకు విసుగొచ్చిందనీ, నలుగురి ముందూ నన్ను తడబడేలా చెయ్యాలనే చేశారనీ అనుకున్నానండీ. ఇంటికెళ్ళి ఏడ్చానండీ. అప్పట్నించీ మీ వంక చూసి పాడాలంటే గొంతు రావట్లేదు. ఆదివారం నా బదులు ఇంకెవరినైనా చూసుకోమని చెప్పడానికే ఇవాళ తొందరగా వచ్చాను."

ఏమండీ, ఇదెక్కడి గొడవ! ఇన్నాళ్ళూ నేను నా చెవుల్ని దాచుకుంటుంటే ఈవిడ అక్కడ కన్నీళ్ళు దాచుకుంటున్నారా? అవునండీ, కోపమే, తప్పైపోయింది అంటే చాలు. ఆవిడ మంచి మనిషి, క్షమించేస్తారు, నా రహస్యం నాకు దక్కుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ గుప్పెట చూశాను, మరని ఎంత గట్టిగా పట్టుకున్నారో, వేళ్ళు తెల్లబడ్డాయి. సిగ్గేసింది నాకు. ఛీ, ఏం బతుకురా ఇది అనిపించింది.

"కోపం కాదండీ బిందుగారూ. నాకు వినపడలేదండీ."

"ఏది?"

"తాళం. ఆగిపోయిందనుకున్నానండీ. నాకు ఆగిపోయింది."

ఆవిడ అయ్యో అనలేదు, ఎప్పట్నించి అనలేదు. కళ్ళు తుడుచుకుని వచ్చి మెరిసేదాన్ని ఆవిడే స్టాండు మీద సరిచేసి, మర బిగించి, లెక్క తప్పు చేసిన పిల్లవాడి పక్కన కూర్చున్నట్టు నా పక్కన మిగిలిపోయిన గోనెసంచుల మూట మీద కూర్చున్నారు.

"మీకు ఆగాక ఇంకా ఎంతసేపు మోగుతుందండీ?"

"నాకెలా తెలుస్తుందండీ?" నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నాకు ఆగాక నాకేముంటుంది?"

"అయితే చూద్దాం. కళ్ళు మూసుకోండి. ఆగిందనిపించగానే చెయ్యెత్తండి. నాకు ఆగినప్పుడు నేనెత్తుతాను."

కర్రని సుద్దముక్కలా పట్టుకుని ఆవిడ కొట్టారు. భళ్. చీకట్లో నేను దాని వెంట పరిగెత్తాను, ఎంత పరిగెత్తినా గట్టు అక్కడే అయిపోయింది. చెయ్యెత్తాను. కళ్ళు తెరిచాను. ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉంది. తల కొంచెం పైకెత్తి, పెదవులు కొంచెం విడివడి, నన్ను దాటి కిటికీ బయట ఎక్కడో చూస్తున్నారు. ఇంకా ఉందాండీ అని అడగబోతే వేలు పెదవి మీద పెట్టుకుని వద్దన్నారు. నేను ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పట్టుకుని కూర్చున్నాను, భుజం లాగుతోంది, ఆవిడ ఇంకా వింటున్నారు. ఇంతసేపా! గూడెంలో ఇంత మోతలో ఆవిణ్ణి నేను పాడమన్నానా! ఇంత మోతలో రోజూ బతుకుతూ, అన్నీ వింటున్నానని అందర్నీ నమ్మించానా! అప్పుడు నెమ్మదిగా, తొందరేం లేనట్టు, ఆవిడ చెయ్యి లేచింది.

"అయిపోయిందండీ" అన్నారు గుసగుసగా. "చివర్లో చాలా బాగుందండీ, సాయిగారూ. ఇది వదులుకోవద్దండీ."

ప్యాసింజర్ వస్తున్నట్టుంది, కిటికీ ఊచలు చిన్నగా అదురుతున్నాయి. జీవన్‌తో ఎలా చెప్పాలో నాకు తెలియదు, చెప్పాక అతను ఏమంటాడో అంతకన్నా తెలియదు. లేచి పెద్ద తాళాన్ని విప్పాను. దాని వెనక అరచెయ్యి పెట్టి ఒక్క క్షణం ఉంచి, పెట్టెలో పెట్టి టేపు అంటించాను.

"ఆదివారం తల మీరు ఊపాలండీ. నేను మీ వంక చూస్తూ కూర్చుంటాను. మీకు ఆగినప్పుడే ఆగినట్టు."

"మరి నాకు తప్పిపోతే?"

"తప్పిపోతే పోనివ్వండి, ఈసారి ఇద్దరం కలిసి తప్పుదాం. జీవన్ దిగాక నేనే చెప్తాను. ముందు ఒకసారి చేసి చూద్దాం."

ఆవిడ మైకు దగ్గరికెళ్ళి నావైపు తిరిగి నిలబడ్డారు. కళ్ళు తెరుచుకునే కొట్టాను. భళ్ళుమంది, నాకు ఆగిపోయింది. ఆవిడ ముఖంలో ఇంకా మోగుతోంది.